పిల్లల పందెపు బండి, నాలుగు స్ట్రోకుల ఇంజను

మోటోక్రాస్ అంటే మట్టితోనో ఇసుకతోనో తీర్చిన బాట మీద, దిబ్బల మీదుగా బండితో సహా ఎగురుతూ, గాడులు పడిన మలుపుల్లో కాలు చాచి ఒరుగుతూ, పదుల మంది ఒకేసారి బయలుదేరి చేసే మోటారు సైకిళ్ల పందెం. 1924లో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో క్యాంబర్లీ దగ్గర జరిగిన పోటీతో మొదలైందని చెప్పుకునే ఈ క్రీడ, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఐరోపా అంతటా పాకి, 1957 నాటికి ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయిని అందుకుంది. 1972లో అమెరికాలో లాస్ ఏంజెలిస్ కొలీజియం స్టేడియంలోకే మట్టి తరలించి పోటీ నడపడంతో సూపర్‌క్రాస్ అనే మరో రూపం దీనికి తోడైంది. ఈ ఆటలో రాణించినవారిలో చాలామంది బడి వయసు నుంచే బండి నడిపినవారు. టెనెసీ రాష్ట్రంలోని హరికేన్ మిల్స్‌లో, కంట్రీ సంగీత గాయని లొరెట్టా లిన్ పేరుతో ఉన్న వ్యవసాయ క్షేత్రంలో 1982 నుంచి ఏటా జరుగుతున్న అమెచ్యూర్ జాతీయ పోటీలలో పిల్లలకు వేరువేరు తరగతులు ఉంటాయి. ఏ పిల్లవాడు ఏ తరగతిలో దిగాలో తేల్చేవి ముఖ్యంగా రెండు: అతని వయసు, బండి ఇంజను పరిమాణం.

ఆ తరగతుల్లో కౌమారం అంచున ఉన్న పిల్లలు నడిపే బండ్లు చాలాకాలం ఒకే జాతివి. 80 సీసీలదో 85 సీసీలదో టూ స్ట్రోక్ ఇంజను, దానికి తగ్గ చిన్న చక్రాలు, సన్నని సీటు: ఇదే వాటి స్వరూపం. హోండా సంస్థ 2007 మోడలుగా విడుదల చేసిన సీఆర్‌ఎఫ్150ఆర్ ఈ వరసలోకి ఫోర్ స్ట్రోక్ ఇంజనుతో, అదీ పెరట్లో సరదాగా తిప్పుకునేందుకు కాక పూర్తిగా పోటీ కోసమే తయారై వచ్చింది. దీపాలు, అద్దాలు, బ్యాటరీ లేని ఈ బండి రోడ్డు మీద తిరిగేందుకు పనికిరాదు. కిక్ కొట్టి స్టార్టు చేయాలి. ఇంధనంతో కలిపి బరువు సుమారు 84 కిలోలు. ఇంత చిన్న యంత్రాన్ని ఒక అధ్యాయానికి వస్తువుగా తీసుకోవడానికి కారణం ఉంది. పెద్దల పందేలన్నింటినీ పదేళ్లలోపే ఆక్రమించిన ఫోర్ స్ట్రోక్ విప్లవం పిల్లల తరగతి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలుసుకోవాలంటే ముందుగా ఇంజను లోపలికి వెళ్లాలి.

టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలేసరికి, అంటే క్రాంకు ఒక చుట్టు తిరిగేసరికి, ఒక పేలుడు పూర్తవుతుంది. కొత్త ఇంధన మిశ్రమం లోపలికి రావడం, కాలిన వాయువు బయటికి పోవడం రెండూ సిలిండరు గోడలోని రంధ్రాల గుండా దాదాపు ఒకే సమయంలో జరుగుతాయి, ఆ రంధ్రాలను తెరిచి మూసే పని కూడా పిస్టనే చేస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో పీల్చడం, నొక్కడం, పేల్చడం, వదలడం అనే నాలుగు పనులకూ పిస్టన్ విడివిడిగా నాలుగుసార్లు కదులుతుంది కనుక క్రాంకు రెండు చుట్లు తిరిగితే గాని ఒక పేలుడు రాదు. పైగా దారులను తెరిచి మూసేందుకు కవాటాలు, అంటే వాల్వులు, వాటిని నడిపేందుకు ఉబ్బెత్తు మిట్టలున్న క్యామ్ షాఫ్టు, దాన్ని తిప్పేందుకు గొలుసు కావాలి. ఒకే పరిమాణంలో, ఒకే వేగంలో చూస్తే టూ స్ట్రోక్‌కు రెట్టింపు పేలుళ్లు దక్కుతాయి. అయితే దారులు రెండూ ఒకేసారి తెరుచుకుని ఉండడం వల్ల కాలని ఇంధనం కొంత నేరుగా సైలెన్సర్ వైపు జారిపోతుంది, క్రాంకుకు కందెనగా ఉండడానికి పెట్రోలులో కలిపిన నూనె కూడా పొగగా మారుతుంది. తెలుగు పాఠకులకు ఈ తేడా తమ వీధుల్లోనే పరిచయం: 1985లో వచ్చి 1996 దాకా అమ్ముడైన యమహా ఆర్‌ఎక్స్100 టూ స్ట్రోక్, అదే 1985లో వచ్చిన హీరో హోండా సీడీ100 ఫోర్ స్ట్రోక్; మొదటిదాన్ని చురుకుదనానికి, రెండోదాన్ని మైలేజీకి మెచ్చుకున్నారు.

పందేలలో మైలేజీకి విలువ లేదు కనుక మోటోక్రాస్‌లో 1970ల నుంచి 1990ల దాకా టూ స్ట్రోక్‌దే రాజ్యం. ఆ రాజ్యానికి బీట పడింది 1997లో. ఆ ఏడాది లాస్ వెగాస్‌లో జరిగిన సూపర్‌క్రాస్ పందెంలో డగ్ హెన్రీ అనే రైడరు యమహావారి 400 సీసీల ఫోర్ స్ట్రోక్ ప్రయోగ బండితో గెలిచాడు. మరుసటి ఏడాదే వైజడ్400ఎఫ్ పేరుతో దాని రూపాంతరం అంగళ్లకు వచ్చింది. పోటీ సాధ్యం కావడానికి నియమావళి కూడా తోడ్పడింది. పేలుళ్ల లెక్కలో నష్టపోయే ఫోర్ స్ట్రోక్‌కు పరిమాణంలో రాయితీ ఇచ్చి, 125 సీసీల టూ స్ట్రోక్‌తో 250 సీసీల ఫోర్ స్ట్రోక్‌ను, 250తో 450ను ఒకే వరసలో నిలబెట్టారు. పిల్లల తరగతిలో 85కు ఎదురుగా 150 నిలిచింది. మొదటి జతలో నిష్పత్తి సరిగ్గా రెండు, రెండోదానిలో 1.8, మూడోదానిలో సుమారు 1.76. చిన్న తరగతికి వచ్చేసరికి రాయితీ కాస్త తగ్గిందన్న సంగతి గుర్తుంచుకోదగినది. అటు ఉద్గారాల నిబంధనలు, ముఖ్యంగా కాలిఫోర్నియా రాష్ట్రానివి, టూ స్ట్రోక్ బండ్ల తయారీని భారం చేస్తూ వచ్చాయి. హోండా 2002లో సీఆర్‌ఎఫ్450ఆర్, 2004లో సీఆర్‌ఎఫ్250ఆర్ తెచ్చి, 2007 మోడళ్లతో తన టూ స్ట్రోక్ మోటోక్రాస్ వరసకు మంగళం పాడింది. పిల్లల సీఆర్85ఆర్ కూడా ఆ జాబితాలోదే, దాని వారసురాలే సీఆర్‌ఎఫ్150ఆర్.

సగం పేలుళ్లతో అంతే శక్తి రావాలంటే ఇంజను చాలా వేగంగా తిరగాలి. శక్తి అనేది తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, తిరిగే వేగంతో హెచ్చించగా వచ్చే రాశి. టార్క్ ఎక్కువగా సిలిండరులోకి చేరిన గాలి మీద ఆధారపడుతుంది కనుక పరిమాణం పెంచలేనిచోట మిగిలే దారి వేగమొక్కటే. ఈ పరిమితిని హోండా ఇంజనీర్లు ఎలా ఎదుర్కొన్నారో తెలియాలంటే అదే సంస్థ 2004లో భారతదేశంలో విడుదల చేసిన యూనికార్న్ అనే రోడ్డు బండిని పక్కన పెట్టి చూడాలి. రెండింటి పరిమాణమూ 149 సీసీలే. యూనికార్న్ సిలిండరు వ్యాసం, అంటే బోరు, 57.3 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం, అంటే స్ట్రోకు, 57.8 మిల్లీమీటర్లు. సీఆర్‌ఎఫ్150ఆర్‌లో బోరు 66, స్ట్రోకు 43.7. ఒకటి దాదాపు సమచతురస్రం, మరొకటి వెడల్పుగా, పొట్టిగా ఉన్న సిలిండరు. ఈ పొట్టితనం వల్ల రెండు లాభాలు సమకూరుతాయి.

మొదటిది పిస్టన్ వేగానికి సంబంధించినది. నిమిషానికి 12,000 చుట్ల దగ్గర సీఆర్‌ఎఫ్ పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.5 మీటర్లు, యూనికార్న్ కొలతలతో అన్నే చుట్లు తిరగాలంటే అది సెకనుకు 23 మీటర్లు దాటుతుంది. సగటు వేగం కన్నా కఠినమైనది త్వరణం. పైకొసన ఒక్క క్షణం ఆగి దిక్కు మార్చుకునే పిస్టన్ మీద ఆ చుట్ల దగ్గర పడే త్వరణం, క్రాంకు వ్యాసార్ధాన్ని బట్టి లెక్కగడితే, భూమ్యాకర్షణకు 3,500 రెట్లకు పైనే. గ్రాము బరువున్న లోహపు ముక్క ఆ క్షణాన మూడున్నర కిలోల బరువుతో కనెక్టింగ్ రాడ్డును లాగుతుందన్నమాట. ఈ బలం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, స్ట్రోకు పెంచి వేగాన్ని నిలబెట్టుకోవాలనుకునే వారికి లోహశాస్త్రమే అడ్డు చెబుతుంది.

రెండోది శ్వాసకు సంబంధించినది. 66 మిల్లీమీటర్ల బోరు విస్తీర్ణం 57.3 దానికన్నా దాదాపు మూడో వంతు ఎక్కువ. అంతమేరకు వాల్వులను పెద్దవి చేయవచ్చు. నిమిషానికి 12,000 చుట్లంటే సెకనుకు 200 చుట్లు, ప్రతి వాల్వూ సెకనుకు వందసార్లు తెరుచుకుని మూసుకోవాలి, సిలిండరు నిండేందుకు దొరికే సమయం సుమారు రెండున్నర మిల్లీ సెకన్లు. అందుకే ఇందులో నాలుగు వాల్వులు ఉన్నాయి, రెండు పీల్చేందుకు, రెండు వదిలేందుకు. మంట రగిలేందుకు దొరికే గడువు ఇంకా తక్కువ: క్రాంకు నలభై డిగ్రీలు తిరిగేలోగా దహనం జరగాలనుకుంటే అది అర మిల్లీ సెకను పైచిలుకు. నిశ్చలంగా ఉన్న మిశ్రమంలో మంట ఇంత త్వరగా వ్యాపించదు. వాల్వుల సందులోంచి దూసుకొచ్చే గాలి సిలిండరులో లేపే అల్లకల్లోలం మంటను ముక్కలు చేసి నలుదిక్కులా తోస్తుంది కాబట్టి, ఇంజను వేగం పెరిగేకొద్దీ ఆ అల్లకల్లోలమూ పెరుగుతుంది కాబట్టి, ఇంత వేగంలో పనిచేసే ఇంజన్లు సాధ్యమవుతున్నాయి. పాఠ్యపుస్తకాలలో నాలుగు స్ట్రోకులను ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు పెట్టెల్లో గీసి చూపడం సౌకర్యమే గాని, ఈ అల్లకల్లోలం ప్రస్తావన లేకుండా ఆ బొమ్మ సగమే నిజం. సీఆర్‌ఎఫ్‌లో మిశ్రమాన్ని తన పరిమాణంలో 11.7వ వంతుకు కుదిస్తారు. వచ్చే వేడిని నీటి రేడియేటర్లు మోసుకుపోతాయి.

వాల్వులను నడిపే ఏర్పాటులో హోండా పద్ధతి కాస్త భిన్నమైనది. పోటీ ఇంజన్లలో సాధారణంగా పీల్చే వాల్వులకు ఒక క్యామ్ షాఫ్టు, వదిలే వాల్వులకు మరొకటి ఉంటాయి. యూనిక్యామ్ అని సంస్థ పిలుచుకునే అమరికలో ఒకే షాఫ్టు పీల్చే వాల్వులకు సరిగ్గా పైన కూర్చుని వాటిని నేరుగా నొక్కుతూ, అవతలి వైపున్న వదిలే వాల్వులను రాకర్ ఆర్మ్ అనే చిన్న తులాదండం ద్వారా కదిలిస్తుంది. ఒక షాఫ్టు మిగిలినందువల్ల సిలిండరు తల చిన్నదై, బండిలో అన్నిటికన్నా ఎత్తున ఉండే లోహపు బరువు తగ్గుతుంది. మలుపులో బండిని ఒకవైపు నుంచి మరోవైపుకు తిప్పేటప్పుడు ఎత్తున ఉన్న కిలో బరువు అడుగున ఉన్న కిలో కన్నా ఎక్కువ ప్రతిఘటిస్తుంది. పెద్దల బండ్లలో ఇది సొగసైన పరిష్కారం. పిల్లల బండిలో అవసరం.

ఎందుకు అవసరమో చెప్పుకోవడమంటే ఈ అధ్యాయపు అసలు విషయానికి రావడమే. ఇంజను పరిమాణం తగ్గినంతగా దాని లోపలి యంత్రాంగం తగ్గదు. 450 సీసీల ఇంజనుకైనా 150 సీసీల ఇంజనుకైనా క్యామ్ షాఫ్టు ఒకటి, దాని గొలుసు ఒకటి, నాలుగు వాల్వులు, వాటి స్ప్రింగులు, నూనె పంపు, నూనె నిలిచే అర అన్నీ ఉండాల్సిందే. గోడల మందం, బోల్టుల లావు, గేరు పళ్ల వెడల్పు వంటివి కూడా ఒక హద్దు దాటి సన్నబడవు. చిన్న కుటుంబానికైనా పెద్ద కుటుంబానికైనా వంటింటి సామగ్రి జాబితా ఒక్కటే అయినట్టు, స్థిరమైన ఆ భారం చిన్న ఇంజను మీద నిష్పత్తిలో ఎక్కువగా పడుతుంది. ఎదుటనున్న 85 సీసీల టూ స్ట్రోక్‌లోనో, ప్రధానంగా కదిలేవి పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంకు, అంతే. ఫలితంగా 150 ఫోర్ స్ట్రోక్ తన పోటీదారు కన్నా కొన్ని కిలోలు బరువెక్కక తప్పదు. ఆ కొన్ని కిలోలను మోసేది ఎవరో కూడా చూడాలి. సుమారు 110 కిలోల 450 బండిని నడిపే 75 కిలోల పెద్ద మనిషికి బండి తన బరువుకు ఒకటిన్నర రెట్లు; 84 కిలోల బండి మీద కూర్చున్న 45 కిలోల పిల్లవాడికి అది దాదాపు రెండు రెట్లు. పడిపోయిన బండిని పందెం మధ్యలో లేవనెత్తి కిక్ కొట్టాల్సింది ఆ పిల్లవాడే.

ఇక అనుకూలంగా చెప్పాల్సినది ఇంజను నడవడిక. చిన్న టూ స్ట్రోక్ ఇంజను తన పొగగొట్టంలో ముందుకీ వెనక్కీ పరిగెత్తే పీడన తరంగాల సాయంతో సిలిండరును నింపుకుంటుంది. ఆ తరంగం సరైన క్షణానికి తిరిగొచ్చేది ఒక ఇరుకైన వేగపు పరిధిలోనే, దానికి దిగువన ఇంజను నిద్రపోతున్నట్టుంటుంది, అందులోకి అడుగుపెట్టగానే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ పరిధిలో ఇంజనును నిలబెట్టేందుకు రైడరు క్లచ్‌నూ గేర్లనూ నిరంతరం వాడుతూ ఉండాలి. ఫోర్ స్ట్రోక్ బలం కింది వేగాల నుంచే మొదలై సాఫీగా పెరుగుతుంది, కాబట్టి మలుపులో గేరు తప్పు ఎంచుకున్నా బండి బయటపడుతుంది. యాక్సిలరేటర్ వదలగానే ఫోర్ స్ట్రోక్ గట్టిగా వేగం తగ్గుతుంది కూడా, ఎందుకంటే గాలి దారి మూసుకున్న ఇంజనును వెనక చక్రమే తిప్పాల్సి వస్తుంది. పేలుళ్ల మధ్య విరామం ఎక్కువ ఉండడం వల్ల వెనక టైరుకు మట్టిని పట్టుకునే అవకాశం మెరుగవుతుందని చాలామంది నమ్ముతారు. శిక్షకులలో ఈ సౌమ్యతను మెచ్చేవారూ ఉన్నారు, క్లచ్ విద్య నేర్వనివ్వదని నిందించేవారూ ఉన్నారు. నేర్చుకునే వయసులో కాస్త మొండి యంత్రమే మంచి గురువన్న రెండో పక్షంవారి మాటలో పస లేకపోలేదు.

బండి మిగతా భాగాలు పెద్ద పోటీ బండ్ల నుంచే దిగివచ్చాయి. ముందున్న ఫోర్కు గొట్టాలు తలకిందులుగా అమర్చినవి, లావు భాగం పైన ఉండి బండిని పట్టుకుంటుంది, 37 మిల్లీమీటర్ల సన్నభాగం చక్రంతో కదులుతుంది. రెండు చక్రాలకూ పైకీ కిందికీ కదిలే చోటు సుమారు 27 సెంటీమీటర్లు. పిల్లవాడు కూర్చున్నప్పుడు అందులో మూడో వంతు కుంగేలా స్ప్రింగును సర్దడం ఆనవాయితీ. 35 కిలోల పిల్లవాడికీ 60 కిలోల పిల్లవాడికీ కొట్టులో దొరికేది ఒకే స్ప్రింగు కాబట్టి, ఇంజను కన్నా ముందుగా శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే.

ఆ 27 సెంటీమీటర్ల విలువ దూకేటప్పుడు తెలుస్తుంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి పడే బండి నేలను తాకే వేళకు సెకనుకు 6.3 మీటర్ల వేగంతో కిందికి వస్తూ ఉంటుంది. సమతలంగా ఉన్న నేల మీద ఆ వేగాన్ని 27 సెంటీమీటర్లలో ఆపాలంటే భూమ్యాకర్షణకు ఏడు రెట్లు మించిన అవరోధం కావాలి. మోచేతులు, మోకాళ్లు వంచి రైడరు మరికొంత దూరాన్ని కలుపుతాడు. అయితే నిజమైన ఉపశమనం బాట నిర్మాతలు ఇచ్చేది. బండి ముందుకు సెకనుకు 12 మీటర్ల వేగంతో పోతున్నట్లయితే దాని పథం నేలకు సుమారు 28 డిగ్రీల కోణంలో కిందికి వంగి ఉంటుంది. దిగే చోట 20 డిగ్రీల వాలు కట్టినట్లయితే ఆ వాలుకు లంబంగా పడే వేగం సెకనుకు 1.8 మీటర్లకు తగ్గి, స్ప్రింగులు మింగాల్సిన శక్తి పన్నెండో వంతుకు పడిపోతుంది. వాలును అందుకోకుండా ముందుగానే దిగినవాడూ, దాటిపోయి సమతలం మీద పడినవాడూ ఆ తేడాను మణికట్టులో, చీలమండలో తెలుసుకుంటారు.

గాలిలో ఉన్నప్పుడు కూడా బండి రైడరు చెప్పుచేతల్లో ఉండడం చూసేవారికి వింతగా తోస్తుంది. బయటి నుంచి తిప్పే బలం లేనప్పుడు వస్తువు మొత్తం కోణీయ ద్రవ్యవేగం మారదు. ఒక భాగపు భ్రమణం తగ్గితే ఆ మేరకు మరొకటి పెరగాలి. గాలిలో వెనక బ్రేకు నొక్కితే ముందుకు తిరుగుతున్న చక్రం ఆగి, ఆ భ్రమణం బండికి చేరి ముందుభాగం కిందికి వంగుతుంది. యాక్సిలరేటర్ తిప్పితే చక్రం మరింత వేగంగా ముందుకు తిరుగుతుంది, బండి వెనక్కి తిరిగి ముక్కు పైకి లేస్తుంది. భౌతికశాస్త్ర తరగతిలో తిరిగే కుర్చీ మీద కూర్చోబెట్టి చూపించే ఈ సూత్రాన్ని పన్నెండేళ్ల పిల్లలు పేరు తెలియకుండానే వాడుతూ ఉంటారు.

చక్రాల విషయంలో హోండా రెండు రూపాలు చేసింది. మామూలు బండికి ముందు 17, వెనక 14 అంగుళాల చక్రాలు, సీటు ఎత్తు సుమారు 83 సెంటీమీటర్లు. ఆర్‌బీ అనే రెండోదానికి 19, 16 అంగుళాలవి, సీటు ఎత్తు సుమారు 87 సెంటీమీటర్లు. పెద్ద చక్రం గుంతలో తక్కువ దిగి, గట్టును తక్కువ కోణంలో తాకుతుంది కనుక బాట నునుపుగా తోస్తుంది; కాని కాలు నేలకు ఆనని పిల్లవాడికి ఆ సుఖం అక్కరకు రాదు. వయసును బట్టి కాక కాలి పొడవును బట్టి బండి ఎంచుకోవాలి. ఎదుగుతున్న ఎముకల చివర్లలో, ఎదుగుదల జరిగే మృదులాస్థి పొరలు ఉంటాయి. అక్కడ తగిలిన గాయం ఎముక నిడివినే మార్చగలదు. హెల్మెట్, ఛాతీ కవచం, మోకాలి రక్షణ, గట్టి బూట్లు లేకుండా బాట మీదికి ఏ పిల్లవాడినీ పంపకూడదు.

పోషణ ఖర్చు కూడా తూకంలోకి వస్తుంది. టూ స్ట్రోక్ పిస్టన్ తరచుగా అరిగినా, ఇంటి షెడ్డులో ఒక సాయంత్రం కూర్చుని మార్చుకోవచ్చు. ఫోర్ స్ట్రోక్‌లో వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందును మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన కొలిచి సరిచేస్తూ ఉండాలి, ఇంజనులో ఉండే కొద్దిపాటి నూనెను తరచుగా మార్చాలి. ఉపేక్షిస్తే స్టార్టు కావడం కష్టమవడంతో మొదలై, వాల్వు పిస్టన్‌ను తాకి ఇంజను మొత్తం పాడవడం దాకా పోవచ్చు. ఏడాదికో రెండేళ్లకో ఎదిగి మరో బండికి మారిపోయే పిల్లల కోసం ఇంత శ్రద్ధ చూపేందుకు కుటుంబాలు సులువుగా ఒప్పుకోవు.

ఈ లెక్కలన్నీ తయారీదారులకు తెలిసినవే. హోండా కూడా తన 450 బండికి 2009లో, 250 బండికి 2010లో ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమర్చింది గాని, 150ని మాత్రం కార్బురేటర్‌తోనే కొనసాగిస్తూ, చిన్న చిన్న మార్పులతో సరిపెట్టింది. ఇంజను చెడ్డదై కాదు, ఆ కొలతకు ఆ యంత్రాంగం బరువు ఎక్కువ కావడం వల్లే ఫోర్ స్ట్రోక్ పిల్లల తరగతిని గెలవలేకపోయింది. యమహా, సుజుకి, కెటిఎం సంస్థలు 85 సీసీల తరగతిలో టూ స్ట్రోక్‌ను విడిచిపెట్టలేదు. కవాసకి 2022 మోడలుగా తన వంద సీసీల పిల్లల బండి స్థానంలో కొత్తగా తెచ్చిన కెఎక్స్112 కూడా టూ స్ట్రోకే.